రెండో పెళ్ళి ఎవరికి నేరం?

బళ్ళారి కోర్టులో మొదలై లండన్‌లో ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్ళిన ఏబ్రహాం వ్యాజ్యంలో ఎవరి మీదా రెండో పెళ్ళి నింద లేదు. పోయినవాడి ఆస్తి కోసం వదినా మరిదీ పడ్డ తగువు అది. అయినా పందొమ్మిదో శతాబ్దంలో ఈ సరిహద్దు జిల్లాలో రెండో పెళ్ళి ఎప్పుడు నేరమయ్యేది, ఎవరికి నేరమయ్యేది అని తెలుసుకోవాలంటే ఆ వ్యాజ్యంతోనే మొదలుపెట్టాలి. ఈ మనిషి ఏ చట్టం కిందికి వస్తాడు అన్న మొదటి ప్రశ్న రెండు చోట్లా ఒక్కటే.

మాథ్యూ ఏబ్రహాం పూర్వులు తమిళ పరయ కులం నుంచి కతోలిక మతంలోకి వెళ్ళినవారు. మాథ్యూ ప్రొటెస్టెంటు అయ్యాడు. 1820లో షార్లెట్ ఫాక్స్ అనే యూరేసియన్ యువతిని పెళ్ళాడాడు. సారా బట్టీ పెట్టి, దండుకు సారా సరఫరా చేసే కాంట్రాక్టులు పట్టి బాగా సంపాదించాడు. 1842లో వీలునామా రాయకుండానే పోయాడు. తమ్ముడు ఫ్రాన్సిస్ వ్యాపారం చూసుకుంటూ వచ్చాడు. కొన్నేళ్ళకు లెక్కల దగ్గర చెడింది. మేము హిందువుల లాగే ఉమ్మడి కుటుంబం, నా వాటా నాకు పుట్టుకతో వచ్చింది అన్నాడు ఫ్రాన్సిస్. మేము క్రైస్తవులం, మీ ఉమ్మడి లెక్క మాకు పట్టదు, ఆయన ఆస్తి నాదీ నా కొడుకులదీ అంది షార్లెట్. బళ్ళారిలోనూ మద్రాసు సదర్ అదాలత్‌లోనూ ఏళ్ళ తరబడి నలిగాక, 1863లో ప్రీవీ కౌన్సిల్ తరఫున లార్డ్ కింగ్స్‌డౌన్ తీర్పు చెప్పాడు. మతం మారినవాడు పాత మతంతో పాటు పాత చట్టాన్నీ వదులుకోవచ్చు, కావాలనుకుంటే చట్టాన్ని ఉంచుకోనూ వచ్చు. అతడు ఏది ఎంచుకున్నాడో అతడి నడవడే చెబుతుంది. మాథ్యూ తొడుక్కున్న బట్టలు, తిన్న తిండి, కూర్చున్న గుడి, కలిసి తిరిగిన మనుషులు అన్నీ భార్య వర్గం వైపే చూపించాయి. కాబట్టి ఉమ్మడి కుటుంబం లేదు. ఫ్రాన్సిస్‌కు వ్యాపారంలో ఏదైనా వాటా ఉంటే అది భాగస్వామిగా రావాలే తప్ప పుట్టుకతో రాదు.

ఈ వ్యాజ్యం మీద చంద్ర మల్లంపల్లి 2011లో కేంబ్రిడ్జి ప్రచురణగా ఒక పుస్తకమే రాశారు. ఏబ్రహాం కుటుంబం నిత్యజీవితంలో కులం, జాతి, మతం గీతల మీదుగా అటూ ఇటూ హాయిగా తిరిగిందనీ, కోర్టుకెక్కాకే వాళ్ళు ఏదో ఒక గదిలో ఇరుక్కోవలసి వచ్చిందనీ ఆయన వాదన. నాకు ఆ వాదన నచ్చుతుంది. కానీ దానికి ఒక తోక తగిలించాలి. ఆస్తి దగ్గర కోర్టు ఇచ్చిన ఆ ఎంపిక పెళ్ళి దగ్గర ఇవ్వలేదు. సారా డబ్బు ఏ చట్టం ప్రకారం పంచుకోవాలో మనిషి తన నడవడితో తేల్చుకోవచ్చు. ఎవరితో కాపురం చేయాలో, ఎప్పుడు విడిపోవాలో మాత్రం నడవడితో తేలేది కాదు. ఆ తేడా భారం అందరి మీదా సమానంగానూ పడలేదు.

ప్రీవీ కౌన్సిల్ తీర్పుకు ఏడాది ముందు, 1862 జనవరి 1న, భారత శిక్షాస్మృతి అమల్లోకి వచ్చింది. దాని 494వ సెక్షను చిన్నదే. భార్య గాని భర్త గాని బతికి ఉండగా, ఆ కారణం చేత చెల్లకుండా పోయే పెళ్ళి ఇంకొకటి చేసుకుంటే ఏడేళ్ళ దాకా జైలు, దానితో పాటు జరిమానా. మొదటి పెళ్ళి దాచిపెట్టి చేసుకుంటే 495 కింద పదేళ్ళ దాకా. కిటుకంతా ఆ ‘చెల్లకుండా పోయే’ దగ్గరే ఉంది. హిందూ మగవాడికి రెండో పెళ్ళి చెల్లుతుంది కాబట్టి అతడికి నేరం లేదు. ముస్లిం మగవాడికి నలుగురి దాకా చెల్లుతుంది. హిందూ స్త్రీకి చెల్లదు. క్రైస్తవులకు, ఆడామగా ఎవరికీ చెల్లదు. ఒకే ఊళ్ళో, ఒకే వీధిలో, ఒకే పని చేసిన నలుగురిలో ఇద్దరు ఇంటికీ ఇద్దరు జైలుకూ పోయే ఏర్పాటు ఇది.

అందుకే బళ్ళారిలో ఇద్దరు పెళ్ళాల మొగుడు రంగస్థలం మీద కనిపించేవాడు గాని బోనులో కనిపించేవాడు కాదు. ఈ ఊరి నాటకాలను నిలబెట్టిన ధర్మవరం కృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇద్దరూ వకీళ్ళే. ధర్మవరం వారి ‘విషాద సారంగధర’లో రాజుగారి చిన్నరాణి చిత్రాంగి ఎంత అనర్థం తెచ్చిపెట్టిందో ఊరంతా టిక్కెట్టు కొని చూసింది. పగలు కచేరీలో అదే వకీలు దగ్గరికి ఒక పెద్దభార్య వచ్చి, మా ఆయన ఇంకొకతెను తెచ్చుకున్నాడు, కేసు పెట్టండి అంటే పెట్టడానికి సెక్షను లేదు. మనోవర్తికి దావా వేయొచ్చు. కానీ భర్త రెండో పెళ్ళి చేసుకున్నాడన్న ఒక్క కారణంతో వేరు కాపురమూ మనోవర్తీ అడిగే హక్కు హిందూ భార్యకు చట్టంలో రాసి ఇచ్చింది 1946లో.

ఇక ఆడవాళ్ళ సంగతి. దీని దగ్గర కాస్త ఆగాలి.

బళ్ళారి పల్లెల్లో, ఇటు తెలుగు కులాల్లోనూ అటు కన్నడ కులాల్లోనూ, ఆడది రెండో మనువు చేసుకోవడం వింతేమీ కాదు. తెలుగువాళ్ళు మారుమనువు అంటారు, కన్నడిగులు ఉడికె అంటారు. కులాన్ని బట్టి తేడాలున్నా పద్ధతి ఇంచుమించు ఒకటే. పందిరి ఉండదు, ధార పోయడం ఉండదు. రాత్రి పూట కుల పెద్దల ముందు మగవాడు చీర పెట్టి తాళి కడతాడు. ముత్తైదువలు ఆ దరిదాపులకు రారు. మొదటి పెళ్ళికున్నంత మర్యాద దీనికి ఉండదు గాని, కాపురం కాపురమే, పిల్లలు పిల్లలే. మొదటి మొగుడు చచ్చిపోతేనే కాదు, వదిలేసినా, విడిపోయినా ఇది జరిగేది. పెద్దలు కూర్చుని, పెళ్ళికూతురి కోసం ఇచ్చిన ఓలి సొమ్ము ఎవరు ఎవరికి తిరిగి ఇవ్వాలో లెక్క కట్టి, తప్పు వేసి, ఇక నీ దారి నీది అనేవారు. ఆ మాటతో ఆమె వేరే ఇంటికి పోయేది.

శిక్షాస్మృతి వచ్చాక ఆ పెద్దల మాటకు కోర్టులో విలువ ఎంత? బొంబాయి హైకోర్టు 1876లో శంభు రఘు కేసులో తెగేసి చెప్పింది. పెళ్ళిని రద్దు చేసే అధికారం గాని, మొగుడుండగా ఆడదానికి మళ్ళీ పెళ్ళి చేసుకోమని అనుమతి ఇచ్చే అధికారం గాని కులానికి ఉన్నట్టు కోర్టు ఒప్పుకోదు. మా కులం ఒప్పుకుంది కదా, తప్పు లేదనుకున్నాం అని మనస్ఫూర్తిగా నమ్మినా అది 494కు జవాబు కాదు, ఆమెకు తోడు నిలిచినవాళ్ళకూ జవాబు కాదు. రాత్రి కులం ముందు పెళ్ళికూతురైన మనిషి పొద్దున సర్కారు ముందు ముద్దాయి.

మద్రాసు హైకోర్టు కొంత మెత్తగా నడిచింది. 1885లో వీరసంగప్ప, రుద్రప్పల మధ్య వచ్చిన కేసులో, మొగుడు వదిలేసిన లింగాయతు స్త్రీ చేసుకున్న ‘సీరె ఉడికె’ పెళ్ళిని ఆచారంగా గుర్తించింది. అది దక్షిణ కన్నడ జిల్లా కేసే అయినా, లింగాయతులు దండిగా ఉన్న బళ్ళారికి దాని అవసరం చెప్పనక్కరలేదు. 1894లో శంకరలింగం చెట్టి కేసులో, ఇద్దరూ ఒప్పుకుని పెళ్ళి ఖర్చు తిరిగి ఇచ్చేసి విడిపోయి మళ్ళీ పెళ్ళాడే ఆచారంలో అనైతికం ఏమీ లేదంది. రెండు హైకోర్టుల మధ్య గీత ఎక్కడుందో జాగ్రత్తగా చూడాలి. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుని విడిపోవడం, భర్త వదిలేయడం ఒక సంగతి. భర్త వద్దంటున్నా కులం వదిలించడం వేరే సంగతి. మొదటి దానికి మద్రాసు దారి ఇచ్చింది. రెండో దానికి బొంబాయి గొళ్ళెం పెట్టింది. మొగుడి ఇష్టమే తాళం చెవి అయిందన్నమాట.

ఇదే కాలంలో మద్రాసులో ఒక పెద్ద వాదం నడిచింది. సివిల్ సర్వీసు ఉద్యోగి జె.హెచ్. నెల్సన్ 1877లో ఒక పుస్తకం వేసి, మద్రాసు హైకోర్టు శూద్ర కులాల మీద వాళ్ళెన్నడూ ఎరగని బ్రాహ్మణ శాస్త్రాలను రుద్దుతోందని గట్టిగా అన్నాడు. హైకోర్టు జడ్జి ఇన్నెస్ దానికి జవాబు రాశాడు. నెల్సన్ అతిగా అన్న మాటలు చాలానే ఉన్నాయి. హిందూ చట్టం అనేదే మద్రాసులో లేదనే దాకా పోయాడు. కానీ పెళ్ళి విషయంలో, అందులోనూ ఉడికె లాంటి వాటి విషయంలో, పల్లెను చూసినవాడి మాట అతడిదే. పెళ్ళంటే విడదీయరాని సంస్కారం అన్న శాస్త్రం మాట, ఓలి ఇచ్చి తెచ్చుకుని ఓలి తీసుకుని వదిలే కులాల మీద శిక్షగా పడింది.

494లో ఒక వెసులుబాటు ఉంది. ఏడేళ్ళుగా మొగుడి జాడ తెలియకపోతే, ఆ సంగతి రెండోవాడికి ముందే చెప్పి చేసుకుంటే నేరం కాదు. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ 1876-78 కరువును గుర్తు తెచ్చుకోండి. బళ్ళారి జిల్లాలో దాదాపు అయిదో వంతు జనం తగ్గిపోయారు. కూలి వెతుక్కుంటూ పోయినవాళ్ళలో ఎవరు దారిలో పడిపోయారో, ఎవరు ఎక్కడ బతుకుతున్నారో ఎవరికి తెలుసు? అలాంటి చోట పిల్లలతో మిగిలిన ఆడది ఏడేళ్ళు లెక్క పెట్టుకుంటూ కూర్చోవాలనడం కచేరీ గదిలో పుట్టే మాట. ఆమె ఎదుట ఉన్న దారి మారుమనువు. మొగుడు మూడో ఏట తిరిగొస్తే? ఫిర్యాదు అతడి చేతిలో. 1882 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు ప్రకారం ఈ నేరానికి బాధపడ్డవాళ్ళు ఫిర్యాదు చేస్తే తప్ప కోర్టు కేసు తీసుకోదు. పైకి అది సర్కారు ఇళ్ళలోకి తలదూర్చకుండా ఆపే కట్టుబాటు. పల్లెలో మాత్రం అది మొదటి మొగుడి చేతికి బేరానికి దొరికిన కర్ర. ఓలి ఇంత ఇస్తావా, ఫిర్యాదు ఇవ్వమంటావా అని అడిగే వీలు చట్టమే కల్పించింది.

సరిహద్దు సంగతి మరొకటి. తుంగభద్ర దాటితే నైజాం. జిల్లా నడిమధ్యలో చుట్టూ బ్రిటిషు నేల ఉన్న సండూరు సంస్థానం ఘోర్పడేలది. నేరం జరిగేది రెండో తాళి కట్టిన చోట. అది ఏటికి అవతల జరిగితే బళ్ళారి పోలీసు చేయి నేరుగా అందదు. అక్కడి పెళ్ళి మీద ఇక్కడ కేసు నడపాలంటే వేరే అనుమతులు కావాలి. చుట్టరికాలు రెండు గట్ల మీదా ఉన్న కుటుంబాలకు ఈ సౌకర్యం తెలియకపోయి ఉంటుందని నేననుకోను. బసివిల గురించి కూడా ఒక్క మాట. బళ్ళారి ప్రాంతపు బసివిల ఆచారం మీద ఫ్రెడ్ ఫాసెట్ అనే పోలీసు అధికారి అప్పట్లోనే వ్యాసం రాశాడు. దేవుడికి విడిచిన ఆ కూతురికి మనిషి మొగుడు లేడు కాబట్టి 494 ఆమెను అంటలేదు. సర్కారు ఆమెను వేరే సెక్షన్లతో వెతుక్కుంది.

హిందువుల దగ్గర ప్రశ్న రెండో పెళ్ళి చెల్లుతుందా అన్నది. క్రైస్తవుల దగ్గర ప్రశ్న తలకిందులైంది. అసలు మొదటి పెళ్ళి చెల్లిందా?

బళ్ళారిలో లండన్ మిషనరీ సొసైటీ 1810లో అడుగుపెట్టింది. జాన్ హ్యాండ్స్ ఇక్కడే కన్నడ బైబిలు పని చేశాడు. ఆ సొసైటీ పాదరీల్లో ఎక్కువమంది ఆంగ్లికన్ బిషపు చేత పట్టం పొందినవాళ్ళు కారు, స్వతంత్ర సంఘాలవాళ్ళు. 1844లో ఇంగ్లండులో ఒక తీర్పు వచ్చి ఇలాంటి పాదరీలు చేసిన పెళ్ళిళ్ళన్నిటి కిందా నేల కదిలించింది. మిల్లిస్ అనే అతడు 1829లో ఐర్లండులో ఒక ప్రెస్బిటేరియన్ పాస్టరు ముందు పెళ్ళాడి, ఆమె బతికి ఉండగానే తర్వాత ఇంగ్లండులో ఇంకొకరిని చేసుకున్నాడు. రెండో పెళ్ళి కేసు పెట్టారు. బిషపు పట్టం పొందిన పూజారి లేనిదే పెళ్ళి పెళ్ళే కాదు, మొదటిది పెళ్ళి కానప్పుడు రెండోది నేరమెలా అవుతుంది అని అతడి వైపు వాదం. లార్డ్స్ సభలో న్యాయమూర్తులు సగం సగం చీలిపోయారు. చీలిక వల్ల కింది తీర్పే నిలిచి మిల్లిస్ బయటపడ్డాడు.

ఎక్కడి ఐర్లండు, ఎక్కడి బళ్ళారి అనుకోకండి. ఆ తీర్పును యథాతథంగా ఇక్కడికి తెస్తే, మిషను గుడిలో పెళ్ళి చేసుకున్న క్రైస్తవుడు ఎవడైనా సరే ఇంకొకతెను చేసుకుని, మొదటిది పెళ్ళి కాదండీ అనొచ్చు. ఆమె భార్య కాదు, పిల్లలకు తండ్రి ఆస్తి లేదు. భయపడ్డట్టే 1849లో బొంబాయి సుప్రీం కోర్టు ముందుకు మెక్‌లీన్, క్రిస్టల్‌ల కేసు వచ్చింది. సూరత్‌లో ఒక స్వతంత్ర సంఘపు మిషనరీ చేసిన పెళ్ళి అది. చీఫ్ జస్టిస్ ఎర్స్కిన్ పెర్రీ తెలివిగా తప్పించాడు. ఇంగ్లీషు చట్టం ఇండియాకు వచ్చినప్పుడు ఇక్కడి పరిస్థితికి కుదిరినంత మేరకే వచ్చింది, చుట్టూ వందల మైళ్ళలో బిషపు పూజారి లేని దేశంలో ఆ షరతు వచ్చి ఉండదు, పెళ్ళి చెల్లుతుంది అన్నాడు. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఒక జడ్జి మామూలు మనుషుల కాపురాన్ని చట్టం మాటకన్నా ముందు పెట్టిన అరుదైన సందర్భం ఇది. తర్వాత 1851లో బ్రిటిషు పార్లమెంటు రిజిస్ట్రార్ల ఎదుట పెళ్ళికి దారి వేసింది. చివరికి 1872 క్రైస్తవ వివాహ చట్టం ఎవరు పెళ్ళి చేయవచ్చో, ఎవరి పుస్తకంలో రాయాలో తేల్చేసింది.

కంటోన్మెంటులోని తెల్ల సోల్జర్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పెళ్ళాన్ని పటాలంతో తెచ్చుకునే అనుమతి కొద్దిమందికే ఉండేది. మిగిలినవాడు ఇక్కడి యూరేసియన్ పిల్లను గుడిలో పెళ్ళాడితే, వాడికి ఐర్లండులోనో లాంకషైర్‌లోనో ఇంకో భార్య ఉందో లేదో ఆ పిల్ల తండ్రికి తెలిసే దారి ఏది? గుడి పెళ్ళి పుస్తకం నకళ్ళు మద్రాసుకూ అక్కడి నుంచి లండనుకూ పోయేవి గాని, అక్కడి పుస్తకాలు ఇక్కడికి వచ్చేవి కావు. పైగా చాలాకాలం తెల్లవాడి పెద్ద నేరాలను జిల్లా కోర్టు విచారించకూడదు, మద్రాసుకే పంపాలి. సాక్షులతో సహా మద్రాసు దాకా పోయి నిలబడే ఓపిక ఎంతమందికి ఉంటుంది?

అన్నిటికన్నా చిక్కు మతం మారినవాళ్ళది. భర్త క్రైస్తవుడయ్యాడు, భార్య కాలేదు. నీతో కూడు తింటే నా కులం పోతుంది అని పుట్టింటికి వెళ్ళిపోయింది. అతడికి క్రైస్తవ చట్టంలో ఆమె ఉండగా మరో పెళ్ళి లేదు. ఆమెకు హిందూ చట్టంలో అతడు ఉండగా మరో పెళ్ళి లేదు. ఇద్దరూ ఇరుక్కున్నారు. దీనికి విరుగుడుగా గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో లా మెంబరు హెన్రీ మెయిన్ 1866లో మతం మారినవారి వివాహ రద్దు చట్టం తెచ్చాడు. దాని నడక చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. మతం కారణంగా ఆరు నెలలు కాపురానికి రాకపోతే మారినవాడు కోర్టుకు వెళ్ళాలి. కోర్టు ఆ రెండోవారిని పిలిపించి, మతం మారాడనే కదా వద్దంటున్నావు అని అడగాలి. అవునంటే ఏడాది ఆగాలి. ఏడాది తర్వాత మళ్ళీ అడగాలి. అప్పుడూ వద్దంటేనే రద్దు, ఇద్దరికీ మళ్ళీ పెళ్ళికి స్వేచ్ఛ. తెలుగు తప్ప ఏమీ రాని పదహారేళ్ళ అమ్మాయి కచేరీలో నిలబడి, ఏడాది ఎడంతో రెండుసార్లు అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పాలి. కులం ఒక్క రాత్రిలో తేల్చే పనికి సర్కారు తీసుకున్న వ్యవధి అది.

ఎటు నుంచి ఎటు మారారన్నది కూడా లెక్కలోకి వచ్చింది. హిందూ భార్య ముస్లిం అయి ముస్లింను పెళ్ళాడితే పాత పెళ్ళి తెగదు, ఆమె ముద్దాయే అని బొంబాయి హైకోర్టు 1880లో గంగ కేసులో, కలకత్తా హైకోర్టు 1891లో రాంకుమారి కేసులో చెప్పాయి. భార్య ఉన్న క్రైస్తవుడు రెండో పెళ్ళి కోసం ఇస్లాం తీసుకోవడం ప్రీవీ కౌన్సిల్ ముందుకు 1871లోనే, స్కిన్నర్ కేసులో వచ్చింది. ఆ పెళ్ళి చెల్లుతుందా అని హైకోర్టు అనుమానించింది, ఆ అనుమానం సబబే అని లండన్ జడ్జీలు అన్నారు. అనుమానంతో సరిపెట్టి ముందుకు పోయారు. గంగకు దొరికింది తీర్పు, దొరగారికి దొరికింది సందేహం. సుప్రీం కోర్టు ఆ సందేహాన్ని హిందూ భర్తల విషయంలో తీర్చడానికి 1995 దాకా, సరళా ముద్గల్ కేసు దాకా పట్టింది.

బళ్ళారి హిందూ మగవాడికి రెండో పెళ్ళి నేరమైంది 1949లో, మద్రాసు శాసనసభ చేసిన ద్విభార్యాత్వ నిషేధ చట్టంతో. దేశమంతటికీ హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. ఈ మధ్యలో, 1953 అక్టోబరు 1న, ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకూ మిగిలిన జిల్లా మైసూరుకూ పోయాయి. 494 ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 82వ సెక్షను.

దానితో మొదటి భార్యలకు న్యాయం దొరికిందనుకుంటే, 1965లో భావురావ్ లోఖండే కేసు ఉంది. రెండో పెళ్ళి నేరం కావాలంటే అది శాస్త్రప్రకారమో, రుజువైన ఆచారం ప్రకారమో పూర్తిగా జరిగి ఉండాలి, అవసరమైన తంతు జరగలేదంటే చట్టం దృష్టిలో రెండో పెళ్ళే లేదు అని సుప్రీం కోర్టు ముద్దాయిని వదిలేసింది. అప్పటి నుంచి వకీళ్ళకు దారి దొరికింది. సప్తపది ఎవరు చూశారు, హోమం ఎవరు చేశారు? ఉడికెలో సప్తపది ఉండదు, హోమం ఉండదు. బళ్ళారి పల్లెలో మొగుడు ఆ పద్ధతిలో ఇంకొకతెకు తాళి కడితే, మొదటి భార్య కోర్టుకెళ్ళి ఈ ఆచారం మా కులంలో పాతకాలం నుంచి ఉంది, చీర పెట్టి పెద్దల ముందు తాళి కడితే పెళ్ళయినట్టే అని సాక్షులను తెచ్చి రుజువు చేయాలి. ఆ పెద్దలు వాడి చుట్టాలు. వాళ్ళు గుర్తు లేదంటే ముద్దాయి ఇంటికి పోతాడు.